పది కోట్ల మంది వెళ్లే దేశం: ఫ్రాన్స్ ఆకర్షణ ఎలా తయారైంది?

క్లుప్తంగా: విదేశీ సందర్శకుల సంఖ్యలో ప్రపంచంలో ఫ్రాన్స్‌దే మొదటి స్థానం. వాళ్లు పెట్టే ఖర్చులో మాత్రం కాదు. ఈ తేడాకు పెద్ద కారణం ఆ దేశం ఉన్న చోటు. ఇక అక్కడి ఆకర్షణ చాలావరకు దానంతటదే పుట్టింది కాదు, రాజుల కాలం నుంచి ప్రభుత్వాలు పట్టుబట్టి పెంచింది. అద్దాల కార్ఖానా దగ్గర నుంచి వీధిలో ఇళ్ల ఎత్తు దాకా, చీజ్ పేరు దగ్గర నుంచి రొట్టె పిండి దాకా అన్నిటి వెనకా ఏదో ఒక చట్టమో నిర్ణయమో ఉంది. ఇప్పుడు ఆ ఆకర్షణే కొన్ని చోట్ల భారమై, టికెట్ ధరలు, అద్దె నిబంధనలు మారుతున్నాయి.

2026 జనవరి నుంచి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, యూరోపియన్ ఆర్థిక మండలి (యూరోపియన్ యూనియన్, మరో మూడు దేశాలు) బయటి నుంచి వచ్చేవాళ్లకు టికెట్ ధరను 22 యూరోల నుంచి 32 యూరోలకు పెంచింది. ఆ మండలి దేశాల వాళ్లకు పాత ధరే ఉంచింది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లే భార్యాభర్తలకు ఈ ఒక్క మ్యూజియం దగ్గరే 20 యూరోలు అదనం. ఏటా అన్ని కోట్ల మంది వచ్చే దేశానికి ఈ అవసరం ఎందుకొచ్చిందన్నది చాలామందికి అర్థం కాని విషయం. దానికి జవాబు కావాలంటే ముందు ఆ కోట్ల మంది ఎవరో, ఏం చూసి వస్తున్నారో తెలియాలి.

లెక్కలో ఉన్న చిక్కు

2024లో ఫ్రాన్స్‌కు దాదాపు 10 కోట్ల మంది విదేశీ సందర్శకులు వచ్చారు. ఆ దేశ జనాభా ఏడు కోట్లు కూడా లేదు. రెండో స్థానంలో ఉన్న స్పెయిన్‌కు సుమారు 9.4 కోట్ల మంది వెళ్లారు. డబ్బు లెక్కకొస్తే బొమ్మ తిరగబడుతుంది. విదేశీ సందర్శకుల వల్ల ఫ్రాన్స్‌కు వచ్చింది 7,100 కోట్ల యూరోలైతే, స్పెయిన్‌కు 12,600 కోట్ల యూరోలు.

ఈ చిక్కు మ్యాప్ చూస్తే విడిపోతుంది. ఒక దేశంలో కనీసం ఒక రాత్రి గడిపిన విదేశీయుడెవరైనా అంతర్జాతీయ లెక్కల్లో టూరిస్టే. నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీల నుంచి ఎండ కోసం స్పెయిన్‌కో ఇటలీకో కారులో వెళ్లే కుటుంబం ఫ్రాన్స్ మీదుగా పోవాలి. దారిలో లియోన్ దగ్గరో, బర్గండీ ప్రాంతంలోనో ఒక రాత్రి పడుకుంటుంది. తిరుగు ప్రయాణంలో మరో రాత్రి. ఆ రెండు రాత్రులూ ఫ్రాన్స్ ఖాతాలో పడతాయి, వారం రోజుల హోటల్ బిల్లు మాత్రం స్పెయిన్‌కు పోతుంది. రైలు మారడానికి విజయవాడ లాడ్జిలో ఒక రాత్రి పడుకున్న ప్రతివాళ్లనూ విజయవాడ చూడ్డానికి వచ్చినవాళ్లుగా లెక్కేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

కాబట్టి 10 కోట్లు అనే అంకెను ఫ్రాన్స్ మీద మోజుకు కొలతగా తీసుకుంటే పొరపాటు. అలాగని మోజు లేదనీ కాదు. సముద్రాలూ ఖండాలూ దాటి, వీసా తీసుకుని, ఏడాది పొదుపు ఖర్చుపెట్టి పారిస్ చూడ్డానికే వెళ్లేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లు దారినపోయేవాళ్లు కారు. అసలు ఆసక్తికరమైన విషయం వాళ్ల దగ్గరే మొదలవుతుంది.

కత్తి అద్దెకిచ్చిన కోట

ఫ్రాన్స్ అనగానే అత్తరు, పట్టు, నగలు, ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు గుర్తుకొస్తాయి. దీని వెనక 17వ శతాబ్దపు ఖజానా లెక్క ఉంది. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ దగ్గర ఆర్థిక వ్యవహారాలు చూసిన మంత్రి కోల్బేర్‌కు ఒకటే దిగులు. దేశంలోని ధనవంతులు విలాస వస్తువుల కోసం డబ్బంతా పరాయి దేశాలకు పంపుతున్నారు. పెద్ద అద్దాలు చేయడంలో అప్పట్లో వెనిస్‌దే గుత్తాధిపత్యం. కోల్బేర్ వెనిస్ పక్కనున్న మురానో దీవి పనివాళ్లను రప్పించి, 1665లో రాజు పేరు మీద అద్దాల కార్ఖానా పెట్టించాడు. అదే తర్వాత సెయింట్ గోబెన్ కంపెనీ అయింది. ఈ రోజు మన ఊళ్లలో కిటికీ అద్దాలు అమ్మే షాపుల బోర్డుల మీద కనిపించే పేరు అదే. అంతకు మూడేళ్ల ముందే, 1662లో, గోబ్లాన్ నేత కార్ఖానాను కూడా రాజు ఆధీనంలోకి తెచ్చారు.

ఆ సరుకుకు పారిస్ దగ్గర రాజు ఉండే వెర్సాయ్ కోటే షోరూమ్. 1684కు పూర్తయిన అద్దాల హాలు పొడవు 73 మీటర్లు. తోట వైపు 17 పెద్ద కిటికీలు, వాటికి ఎదురుగా 17 కమానుల నిండా 357 అద్దాలు. సాయంత్రం ఎండ కిటికీల్లోంచి పడితే హాలంతా రెట్టింపు వెలుగు. 1686లో సయాం (నేటి థాయ్‌లాండ్) రాయబారులు రాజును కలవడానికి ఆ హాలు పొడుగునా నడిచి వెళ్లారు. ఫ్రాన్స్ చేతిపని ఎంతదో చెప్పడానికి అంతకంటే మాటలు అక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ కోటలోకి మామూలు జనానికీ ప్రవేశం ఉండేది. మగవాళ్లకు టోపీ, నడుముకు కత్తి ఉంటే చాలు. లేనివాళ్లకు గేటు దగ్గరే అద్దెకిచ్చేవాళ్లు. తోటను ఏ వరసలో చూడాలో, ఎక్కడ ఆగి ఎటు తిరిగి చూడాలో రాజే స్వయంగా రాసిపెట్టాడు. అంటే చూసేవాళ్ల కోసం దేశాన్ని సిద్ధం చేయడం అక్కడ పర్యాటక శాఖలు పుట్టకముందే రాజ్యం పనుల్లో ఒకటిగా ఉంది.

1789లో మొదలైన ఫ్రెంచి విప్లవం రాజును తీసేసింది గానీ ఈ పద్ధతిని తీసేయలేదు. రాజరికం కూలిన సరిగ్గా ఏడాదికి, 1793 ఆగస్టు 10న, లూవ్ర్ రాజభవనం ప్రజల మ్యూజియంగా తెరుచుకుంది. రాజులు కూడబెట్టినవి అమ్ముకుపోకుండా జనం ముందు పెట్టడమన్న ఆ నిర్ణయం ఫలితమే నేటి క్యూ.

వీధికి కొలత పెట్టిన నగరం

పారిస్‌లో నడుస్తుంటే ఒక హాయి ఉంటుంది, దానికి పేరు చెప్పడం కష్టం. ఏ వీధి మొదట్లో నిలబడి చూసినా రెండు పక్కల ఇళ్లూ ఒకే ఎత్తులో, ఒకే రంగు రాతితో, బాల్కనీలు ఒకే గీతలో కనిపిస్తాయి. పైన బూడిదరంగు జింకు రేకుల కప్పులు. ఆ కప్పులు వేసే పనివాళ్ల నైపుణ్యాన్ని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

ఈ రూపం 1853 నుంచి 1870 వరకు జరిగిన కూల్చివేతల్లోంచి వచ్చింది. చక్రవర్తి మూడో నెపోలియన్ ఆదేశం మీద పారిస్ పాలనాధికారి బారన్ ఓస్మాన్ ఇరుకు సందుల్ని పగలగొట్టి వెడల్పాటి రోడ్లు, మురుగు కాలువలు, పార్కులు వేయించాడు. కలరా భయం ఒక కారణం. సందుల్లో అడ్డుగోడలు కట్టి తిరగబడే జనాన్ని అదుపు చేయడం ఇంకో కారణం. వేల మంది పేదలు ఊరి అంచులకు నెట్టబడ్డారు. టూరిస్టులు మెచ్చుకునే అందానికి మూల్యం చెల్లించింది వాళ్లేనన్నది పారిస్ గురించి మాట్లాడేటప్పుడు మరవకూడని విషయం.

కట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. 1973లో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ లేచింది. నగరం ఆకాశరేఖ మీద ఆ నల్లటి దిమ్మను చూసి పారిస్ వాసులు మండిపడ్డారు. నాలుగేళ్లకే నగరంలో భవనాల ఎత్తుకు 37 మీటర్ల హద్దు పెట్టారు. ఆ తర్వాత కొన్ని చోట్ల సడలించినా 2023లో మళ్లీ అదే హద్దుకు వచ్చారు. 1943 నాటి చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 500 మీటర్ల పరిధిలో, ఆ కట్టడంతో పాటు కంటికి ఆనే ఇంటి బయటి రూపం మార్చాలంటే ప్రభుత్వం నియమించిన ఆర్కిటెక్ట్ అభిప్రాయం తప్పనిసరి.

మన దగ్గరా ఇలాంటి చట్టం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణ. అయితే రెండింటి ఉద్దేశంలో తేడా ఉంది. మనది కట్టడానికి దెబ్బ తగలకుండా చూస్తుంది. వాళ్లది కట్టడం పక్కన నిలబడ్డ మనిషికి ఏం కనిపిస్తుందో కూడా చూస్తుంది. ఫ్రాన్స్‌లో ఒక చర్చి ఫొటో తీస్తే వెనకాల హోర్డింగు పడకపోవడం వెనక ఈ తేడా ఉంది.

ఈఫిల్ టవర్ కథ దీనికి తిరగబడ్డ ఉదాహరణ. విప్లవం వందేళ్ల సందర్భంగా 1889లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ టవర్‌కు అనుమతి ఇరవయ్యేళ్లకే. పునాదులు తవ్వుతున్నప్పుడే పేరున్న రచయితలు, కళాకారులు ఊరందం పాడవుతుందని బహిరంగ లేఖ రాశారు. గడువు తీరేలోగా పైకొనకు వైర్‌లెస్ యాంటెనా బిగించి సైన్యానికి పనికొచ్చేలా చేయడంతో టవర్ బతికిపోయింది. ఇప్పుడు ఏటా 60 లక్షలకు పైగా జనం ఎక్కుతున్నారు.

పారిస్‌లోని నోట్రడామ్ చర్చిది ఇంకా ఇటీవలి కథ. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం మంటల్లో దాని శిఖరం కూలడం ప్రపంచమంతా టీవీల్లో చూసింది. 150 దేశాల నుంచి సుమారు 3.4 లక్షల మంది ఇచ్చిన విరాళాలు 84 కోట్ల యూరోలు దాటాయి. పైకప్పు చట్రానికి ఉక్కో కాంక్రీటో వాడకుండా, ఓక్ దుంగల్ని పాతకాలం పద్ధతిలో గొడ్డళ్లతో చెక్కారు. 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. ప్రవేశానికి 5 యూరోలు పెడదామని సాంస్కృతిక మంత్రి ప్రతిపాదిస్తే చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. అక్కడ నేటికీ ఉచితమే.

రొట్టె దగ్గర చట్టం

కోటలు, చర్చిలు యూరప్‌లో చాలా దేశాలకున్నాయి. ఫ్రాన్స్ ప్రత్యేకత రోజువారీ తిండిని కూడా అంతే జాగ్రత్తగా కాపాడుకోవడం. ఆ దేశ ఆకర్షణకు అసలు గుండెకాయ ఇదేనని చెప్పాలి.

ఉదయం ఏడింటికి ఏ చిన్న ఊళ్లోనైనా బేకరీ ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. లోపలికి అడుగు పెట్టగానే ముందు ‘బోంజూర్’ (నమస్కారం) అనాలి, తర్వాతే అడగాలి. కొందరు బాగా కాలినది కావాలంటారు, కొందరు తెల్లగా ఉన్నది. బగెట్ అనే పొడవాటి కర్రలాంటి రొట్టె నడుముకు చిన్న కాగితం చుట్టి ఇస్తారు. ఇంటికి చేరేలోపు దాని కొస విరిచి తినేయడం పిల్లలకూ పెద్దలకూ అలవాటు. ఖర్చు యూరోకు కాస్త అటూ ఇటూ. టూరిస్టుకు పారిస్‌లో అతి తక్కువ డబ్బుకు దొరికే అసలైన ఫ్రెంచ్ అనుభవం ఇదే.

ఈ దృశ్యం 1980ల నాటికి పోయేలా ఉండేది. ఫ్యాక్టరీలో చేసి ఫ్రీజ్ చేసిన పిండి ముద్దలు, సూపర్ మార్కెట్ రొట్టెలు వచ్చి బేకరీలు మూతపడసాగాయి. 1993లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. ‘ఫ్రెంచ్ సంప్రదాయ రొట్టె’ అని అమ్మాలంటే గోధుమ పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు తప్ప రసాయనాలు కలపకూడదు, ఏ దశలోనూ ఫ్రీజ్ చేయకూడదు. 1998లో ఇంకో చట్టం వచ్చింది. పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడికక్కడ చేసే దుకాణమే బోర్డు మీద ‘బూలాంజరీ’ (రొట్టెల దుకాణం) అని రాసుకోవాలి. అంటే ప్రభుత్వం ఫ్యాక్టరీ రొట్టెను నిషేధించలేదు, పేరును మాత్రం కాపాడింది. కొనేవాళ్లు తేడా తెలుసుకుని ఎంచుకున్నారు, చేతిపని బతికింది. 2022లో బగెట్ తయారీ నైపుణ్యం, సంస్కృతి యునెస్కో జాబితాకెక్కాయి. ఏటా పారిస్‌లో ఉత్తమ బగెట్ పోటీ జరుగుతుంది, గెలిచినవాళ్లు ఏడాదిపాటు అధ్యక్ష భవనానికి రొట్టె సరఫరా చేస్తారు. 2023లో గెలిచింది శ్రీలంక నుంచి వలస వెళ్లిన తమిళ బేకరు. రొట్టె ఫ్రాన్స్‌ది కావడానికి చేసేవాళ్లు అక్కడ పుట్టక్కర్లేదు, పద్ధతి తప్పకుంటే చాలని ఆ పోటీ చెప్పకనే చెప్పింది.

పేరును కాపాడటమన్న ఈ ఆలోచన వైన్, చీజ్‌ల దగ్గర మొదలైంది. దక్షిణాన రోక్‌ఫోర్ అనే ఊళ్లో కొండ చీలికల్లోంచి చల్లగాలి వచ్చే గుహల్లో, గొర్రెపాల చీజ్‌ను మాగబెడతారు. ఆ గుహల్లో మాగినదే రోక్‌ఫోర్, ఇంకెక్కడ చేసినా ఆ పేరు పెట్టకూడదని 1925లో చట్టం చేశారు. 1935లో వైన్‌లకు ఇలాంటి వ్యవస్థే వచ్చింది. మట్టి, గాలి, అక్కడివాళ్ల చేతివాటం కలిసి రుచి అవుతుందన్నది దాని వెనక నమ్మకం. తర్వాత ఇదే భావన యూరప్ చట్టాల్లోకి, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలోకి చేరి, మన దేశంలో 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టమైంది. తిరుపతి లడ్డుకు 2009లో, హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన జీఐ ట్యాగ్ ఆ చెట్టు కొమ్మే.

తేడా ఆ తర్వాతి అడుగులో ఉంది. మన దగ్గర ట్యాగ్ ఎక్కువగా నకిలీల్ని ఆపడానికి పనికొస్తోంది. అక్కడ అది మనిషిని ఊరికి రప్పిస్తుంది. పేరులోనే ఊరుంది కాబట్టి తిన్నవాళ్లకు ఆ ఊరు చూడాలనిపిస్తుంది. రోక్‌ఫోర్‌లో గుహలు చూపిస్తారు, షాంపేన్ ప్రాంతంలో వైన్ మాగే నేలమాళిగలు, బర్గండీలో ద్రాక్షతోటల దారులు.

టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో డ్రైవర్లకు ఉచితంగా పంచిన గైడు ఇదే సూత్రాన్ని వ్యాపారంగా వాడుకుంది. అప్పటికి దేశంలో ఉన్న కార్లు మూడు వేల లోపే. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి. 1926లో మంచి భోజనశాలలకు స్టార్లు ఇవ్వడం మొదలైంది. మూడు స్టార్లంటే ఆ భోజనం కోసమే ప్రత్యేకంగా ప్రయాణం కట్టొచ్చని అర్థం. అప్పటిదాకా దారిలో ఆగి తినే హోటల్, అప్పటి నుంచి గమ్యమైంది.

పారిస్ దాటాక

1936లో ఫ్రాన్స్ కార్మికులందరికీ ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా వచ్చింది. 1982 నాటికి అది ఐదు వారాలైంది. పర్యాటకం లెక్కలు రాసేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు గానీ ఇది కీలకం. సెలవులు దొరికిన ఫ్రెంచి జనం ఎక్కువగా సొంత దేశంలోనే తిరిగారు. వాళ్ల కోసం పల్లెల్లో అద్దె ఇళ్లు, క్యాంపింగ్ స్థలాలు, కాలిబాటలు, చిన్న హోటళ్లు వెలిశాయి. 1981లో పారిస్, లియోన్‌ల మధ్య హైస్పీడ్ రైలు టీజీవీ మొదలైంది. 2001 నుంచి పారిస్‌కు సుమారు 750 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ తీరంలోని మార్సెయ్‌కు మూడు గంటల్లో చేరుతున్నారు. మాల్దీవుల్లో రిసార్టు కడితే అది బయటివాళ్ల కోసమే. ఫ్రాన్స్‌లో విదేశీయుడు వాడుకునేది చాలావరకు స్థానికుల కోసం ఏర్పడ్డ వ్యవస్థ. అందుకే అక్కడ పల్లె సంతలో నిలబడితే చుట్టూ ఉన్నది ఆ ఊరివాళ్లే.

మరి ఆ పల్లెల పేర్లు బయటివాళ్లకు తెలిసేదెలా? అందులో ఒక సైకిల్ పోటీ పాత్ర పెద్దది. 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టిన టూర్ డి ఫ్రాన్స్, ఇప్పుడు ప్రతి జులైలో మూడు వారాలపాటు హెలికాప్టర్ కెమెరాలతో కోటలు, పొద్దుతిరుగుడు చేలు, కొండ దారులు ప్రపంచానికి చూపిస్తోంది. అదే నెలలో దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతంలో లావెండర్ పొలాలు ఊదారంగులో ఉంటాయి. ఆగస్టులో వెళ్తే చాలాచోట్ల కోత అయిపోయి ఉంటుంది.

ప్రకృతికీ మనిషి కట్టడానికీ పెళ్లయిన చోటు నార్మండీ తీరంలోని మోన్ సేన్ మిషెల్. ఆటుపోట్ల తేడా 14 మీటర్ల దాకా ఉండే ఇసుక మేటల మధ్య రాతి దిబ్బ, దాని మీద మఠం. ఊళ్లో కాపురముండేది కొన్ని పదుల మందే, ఏటా వచ్చేది పాతిక లక్షలకు పైగా.

భక్తితో వచ్చేవాళ్ల దారి వేరు. పిరెనీస్ కొండల కింద లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్ల గుహలో మరియమాతను చూశానంది. మొత్తం 18 సార్లు దర్శనమైందని క్యాథలిక్కుల విశ్వాసం. 1866లో రైలు వచ్చాక ఆ చిన్న ఊరు యాత్రాస్థలమైపోయింది. ఈ కథ తెలుగు నేలకు బాగా దగ్గర. విజయవాడ గుణదల కొండ మీద కొలువైంది లూర్దు మాతే. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఉత్సవాలకు ఆ తేదీ లూర్దు నుంచి వచ్చిందే. కాకపోతే గుణదలలో భక్తులు తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఒకే మాత, రెండు ఊళ్ల ఆచారాలు. అందుకే గోదావరి, కృష్ణా జిల్లాల క్యాథలిక్ కుటుంబం యూరప్ యాత్ర వేసుకుంటే ఈఫిల్ టవర్ కన్నా ముందు లూర్దు పేరు వినిపించవచ్చు.

తెలుగువాళ్ల వైపు నుంచి

ఫ్రాన్స్ మనకు పూర్తిగా కొత్త కాదు. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయనగరం వైపు ఫిరంగులు పేల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి హైదరాబాద్ మలక్‌పేట దగ్గరుంది. మూసారాంబాగ్ పేరు ఆయన నుంచే వచ్చిందంటారు. గోదావరి పక్కన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉంది. బ్రిటిష్ ప్రాంతంలో శారదా చట్టం బాల్యవివాహాల్ని ఆపాక, ఆ చట్టం వర్తించని యానాంకు పెళ్లి బృందాలు తరలివెళ్లేవి. ఆ ఆచారం మంచిదేమీ కాదు. కానీ ఒక ఊరి చట్టం బయటి జనాన్ని ఎలా రప్పిస్తుందో చూపించే ఉదాహరణ మన పక్కనే ఉంది.

ఇప్పటి ప్రయాణాల తీరు వేరు. సినిమా పాటల్లో చూసిన టవర్, చదువుకునే పిల్లలు, అమెరికా నుంచి వస్తూ పోతూ మధ్యలో నాలుగు రోజులు ఆగే ఎన్నారై కుటుంబాలు. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు కావాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుంది. ఫ్రాన్స్‌తో పాటు యూరప్‌లోని చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ చెల్లింపు మొదలైంది. భారతీయ సందర్శకులు వాళ్ల లెక్కలో ముఖ్యమయ్యారనడానికి ఇది గుర్తు.

ఊహలో ఊరు, కాళ్ల కింద ఊరు

ఎంత ఆకర్షణ ఉంటే అంత నిరాశకూ చోటుంటుంది. 1980ల్లో పారిస్‌లో పనిచేసిన జపాన్ మానసిక వైద్యుడు హిరోఆకి ఓతా, కొందరు జపాన్ సందర్శకుల్లో తీవ్రమైన ఆందోళన, అయోమయం గమనించి దానికి ‘పారిస్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. అంత తీవ్రంగా దెబ్బతినేవాళ్లు బహు కొద్దిమంది. తేలికపాటి నిరాశ మాత్రం మామూలే. మెట్రోలో జేబుదొంగలు, మూలల్లో దుర్వాసన, విసుక్కునే వెయిటరు పోస్టర్లలో ఉండరు కదా.

విసుగు గురించి ఒక మాట. ఫ్రెంచివాళ్లు పొగరుబోతులన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పలకరింపు. దుకాణంలోకి వెళ్లి బోంజూర్ అనకుండా నేరుగా ‘ఇదెంత’ అంటే అక్కడ అది మర్యాద తప్పడమే. గడప దాటి వచ్చినవాళ్లు ముందు పలకరించాలన్నది వాళ్ల రివాజు. భోజన వేళలు కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. చాలా చోట్ల వంటగది మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. నాలుగింటికి ఆకలేసిన కుటుంబానికి టెన్షనే. శాకాహారులైతే ముందే చూసుకోవాలి. మేలు చేసే నియమాలూ ఉన్నాయి. బిల్లులో సర్వీసు కలిసే ఉంటుంది, అడిగితే కుళాయి నీళ్ల జగ్గు ఉచితంగా తెచ్చిపెడతారు.

స్థానికుల వైపు నుంచి చూస్తే ఇబ్బంది ఇంకో రకం. ఇళ్లు టూరిస్టుల అద్దెకు పోతుంటే ఊరివాళ్లకు కొంపలు దొరకడం కష్టమైంది. 2025 నుంచి పారిస్‌లో సొంతంగా ఉంటున్న ఇంటిని టూరిస్టులకు అద్దెకివ్వడం ఏడాదికి 120 రోజుల నుంచి 90 రోజులకు తగ్గించారు. మార్సెయ్ దగ్గర సుజితోన్ తీరానికి వేసవి రద్దీ రోజుల్లో 400 మందినే, అదీ ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే పంపుతున్నారు. జనం తొక్కిడికి అక్కడి మట్టి కొట్టుకుపోతుండటం దానికి కారణం.

మోనాలిసా గది

ఈ ఒత్తిడంతా ఒకే చోట చూడాలంటే లూవ్ర్‌లోని ఒక గది చాలు. 2024లో ఆ మ్యూజియానికి సుమారు 87 లక్షల మంది వచ్చారు. వాళ్లలో అత్యధికుల గమ్యం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక్క చిత్రం, మోనాలిసా. ఇటలీ చిత్రకారుడు లియోనార్డో 1516లో ఫ్రాన్స్ రాజు పిలుపు మీద వెళ్లి, మూడేళ్లకు అక్కడే కన్నుమూశాడు. ఆయన పట్టుకెళ్లిన చిత్రం రాజు సొత్తయింది. చాలాకాలం దానికి కళాకారుల్లోనే పేరు. 1911 ఆగస్టులో ఒక ఇటలీ పనివాడు దాన్ని ఎత్తుకుపోయాడు. పత్రికలన్నీ ఆ బొమ్మ అచ్చేశాయి, జనం వచ్చి ఖాళీ గోడను చూసి వెళ్లారు. రెండేళ్ల తర్వాత ఫ్లోరెన్స్‌లో దొరికేసరికి అది ప్రపంచానికి తెలిసిన ముఖమైపోయింది. ప్రసిద్ధి ప్రసిద్ధిని పెంచుతుంది. అందరూ చూస్తారు కాబట్టి ఇంకా అందరూ చూడాలనుకుంటారు.

2025 అక్టోబరు 19న అదే భవనంలోని రాచరికపు నగలు కొన్ని నిమిషాల్లో చోరీ అయ్యాయి. పాత భవనం, అరకొర భద్రత, మోయలేనంత జనం అని అంతకుముందు నుంచే సిబ్బంది మొత్తుకుంటున్నారు. ఆ ఏడాది జనవరిలోనే అధ్యక్షుడు మాక్రాన్ కొత్త ప్రవేశద్వారం, మోనాలిసాకు విడి గది, విడి టికెట్ ప్రకటించారు. బయటి దేశాల వాళ్ల నుంచి తీసుకునే పది యూరోలు ఈ మరమ్మతులకే. మ్యూజియాన్ని పోషించే పన్నులు స్థానికులు ఇప్పటికే కడుతున్నారన్నది వాదన. మనకిది కొత్తేం కాదు, గోల్కొండ కోటలో భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300 తీసుకుంటున్నాం. అయితే లూవ్ర్‌లో ఉన్నవాటిలో ఎన్నో ఫ్రాన్స్ బయటి నుంచి తెచ్చినవే. వాటి సొంత దేశాల వాళ్లు వచ్చి ఎక్కువ చెల్లించాల్సిరావడం ఎంతవరకు న్యాయమన్న అభ్యంతరంలో బలముంది.

ఆ గదిలో మోనాలిసాకు ఎదురుగోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ గీసిన బైబిల్ కథలోని పెళ్లి విందు ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద చిత్రం. నూరుమందికి పైగా మనుషులు, వాద్యాలు, కుక్కలు, బంగారు గిన్నెలు, యేసు మహిమతో నీళ్లు ద్రాక్షారసమైన క్షణం. రోజూ వేల మంది దానికి వీపు పెట్టి, చేతులెత్తి ఫోన్లలో చిన్న బొమ్మను పట్టుకుంటున్నారు. మోనాలిసా తన కొత్త గదికి వెళ్లాక, ఆ విందు ముందు బెంచీ మీద తాపీగా కూర్చుని చూసే వీలు దొరకవచ్చు.